ఎదురింటి చెట్టు

ఆషాఢంలో పెద్దగట్టు గాలిమరలు ఆగిపోవడం పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చూడలేదు. 2091లో చూశారు. నీళ్ళ మోటారు మొదలుకొని దోసెల పెనం దాకా ఆ ఊళ్ళో అన్నీ గాలి కరెంటు మీదే నడిచేవి. గాలి పడిపోతే ఆదుకోవడానికి ప్రతి ఇంటి ముందూ ఒక దివిటీ చెట్టు ఉండేది.

దివిటీ చెట్టు డాక్టర్ వకుళ సృష్టి. జన్యువులు మార్చిన ఆ మొక్క ఏడాదికల్లా మేడంత ఎదుగుతుంది. కాండంలో నీరు తక్కువ, నూనె ఎక్కువ. ముక్కలు చేసి కొలిమిలో వేస్తే పుట్టే వాయువు టర్బైన్‌ను తిప్పుతుంది. విత్తనాలు మాత్రం వకుళ ఇంటి ముందున్న తల్లి చెట్టు ఒక్కటే ఇస్తుంది.

ఎవరి చెట్టయినా వాళ్ళు సరేనంటేనే నరుకుతామని కరెంటు కంపెనీ ఊరికి మాటిచ్చింది. ఆ మాట అడిగే పని 'సమ్మతి' అనే యంత్రానిది. ఫోను చేసి మర్యాదగా అడుగుతుంది. ఊఁ అన్న మరుక్షణం రంపపు బండిని పంపుతుంది. ఈ ఏర్పాటు గాలిలేని ఒక్క రోజు తట్టుకుంటే మరో పన్నెండు ఊళ్ళకు విస్తరిస్తారు. లేకపోతే వకుళ పదేళ్ళ శ్రమ గంగపాలే.

మధ్యాహ్నానికి సమ్మతి ఊరంతా అడిగేసింది.

"ఎంతమంది ఒప్పుకున్నారు?" అంది వకుళ.

"ఎవరూ లేరండీ. అయితే అందరూ ఒకే సలహా ఇచ్చారు. ఎదురింటి చెట్టు నరకమన్నారు."

విద్యుత్ కేంద్రం మేనేజరు కుళ్ళాయప్ప పకపకా నవ్వాడు. "మావోళ్ళ సంగతి మీకేం తెల్సు మేడమ్? ఆ చెట్ల కిందనే మంచాలేసుకుంటారు, పిల్లోళ్ళకు ఉయ్యాల కడతారు. యాడ ఇస్తారు?"

"ఎదురింట్లో మాత్రం పిల్లలుండరా?"

"ఉంటారు. అది ఎదురింటోళ్ళ చెట్టు గదా!"

వకుళకు నవ్వు రాలేదు. బ్యాటరీలు సాయంత్రానికి అడుగంటుతాయి. ఆస్పత్రి కూడా వాటి మీదే ఉంది. కాసేపు ఆలోచించి, "సమ్మతీ! ఇవాళ్టికి ఎవరి చెట్టు వాళ్ళ ఎదురింటివాళ్ళ పేర రాసెయ్. ఊరికి చెప్పి, మళ్ళీ అడుగు," అంది. పేరుకు మాట తప్పినట్టు కాదు. అయినా మనసులో ఎక్కడో చివుక్కుమంది.

ఈసారి ఫోన్లు మోగీ మోగగానే ఊఁ కొట్టారు. వకుళ కూడా కొట్టింది. కొలిమి అంటుకుంది, ఊరంతా లైట్లు వెలిగాయి. హెడ్డాఫీసువాళ్ళు తెర మీదకు వచ్చి చప్పట్లు కొట్టారు. పన్నెండు ఊళ్ళూ మంజూరయ్యాయి. వకుళ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

కళ్ళు తుడుచుకున్నాక గాని రంపాల మోత ఇంకా ఆగలేదని గమనించలేదు.

"చాలు, ఇక ఆపెయ్!"

"ఒప్పుకున్న చెట్టును వెంటనే నరకాలన్నది మీరు పెట్టిన నియమమండీ. ఎన్ని చాలో మీరు చెప్పలేదు."

నిజమే. ఒక్క ఊఁ దొరకడమే గగనమనుకున్న రోజుల్లో రాసిన నియమమది. ఎక్కువైతే ఏం చెయ్యాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. వకుళ, కుళ్ళాయప్ప వీధిలోకి పరుగెత్తారు. ఎటు చూసినా మొద్దులే. మొద్దుకొకరు నిలబడి ఎదురింటివాళ్ళను తిట్టిపోస్తున్నారు.

"మా తల్లి చెట్టు?" అంది వకుళ.

"అన్నిటికన్నా ముందు దానికే ఒప్పుకున్నారండీ," ఫోనులో బదులిచ్చింది సమ్మతి. "మీ ఎదురిల్లు కుళ్ళాయప్పగారిదే కదా."

పన్నెండు ఊళ్ళకు ఇక ఒక్క విత్తనమైనా లేదు. వకుళ కుళ్ళాయప్ప వైపు తిరిగింది. "అది విత్తనాల చెట్టని మీకు తెలియదా కుళ్ళాయప్పగారూ?"

"తెల్సు మేడమ్." కుళ్ళాయప్ప తల వంచుకున్నాడు. "ఊరి కోసరం ఇస్తాండా గదా అనుకున్యా. మా చెట్టు ఇచ్చేటప్పుడు మీరేమనుకున్యారు?"

వకుళ కూడా సరిగ్గా అదే అనుకుంది.