ఇరవై నాలుగు గంటల నీళ్లు

కోడలికి మూడేళ్లుగా ఒకటే సందేహం. రోడ్డు వెడల్పు చేయాలని వీధి మొత్తాన్ని ఖాళీ చేయించి లారీలెక్కించిన రోజున, అత్తయ్య నిజంగా లారీ ఎక్కిందా? ఎక్కింది, పేరు రాయించింది, వేలిముద్రా వేసింది. అయినా దీపం పెట్టిన ప్రతిసారీ కోడలు అడుగుతూనే ఉంది: "స్వామీ, ఆవిణ్ణి ఎక్కడ దింపేశావు?"

నాలుగో అంతస్తులోని ఈ ఇంట్లో కుళాయి ఎప్పుడు తిప్పినా నీళ్లొస్తాయి. పాత వీధిలో రోజుకి అరగంటే వచ్చేవి. అత్తయ్య ఇప్పటికీ తెల్లారకముందే లేచి బిందెలు, బకెట్లు, చివరికి చెంబులు కూడా నింపేస్తుంది. ఆపైన కిటికీ దగ్గర కూర్చుంటుంది. మూడేళ్లలో ఒక్కసారీ మెట్లు దిగలేదు. ఏడవలేదు, నవ్వలేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా అలాగే తినేసి లేస్తుంది.

ఆ ఉదయం బిందె పొర్లి, కోడలు కుట్టడానికి తెచ్చుకున్న జాకెట్ గుడ్డలన్నీ తడిసిపోయాయి.

"కాలు పెట్టే చోటు లేదు అత్తయ్యా! మనమేమైనా చేపలమా?" అంటూ బిందె ఎత్తి పారబోయబోయింది.

అత్తయ్య గబుక్కున వచ్చి బిందె పట్టుకుంది. ఆ చేతుల్లో అంత బలం ఉందని కోడలు మరిచేపోయింది.

"అది మనది కాదే. ఇస్త్రీ వదినది."

"ఆవిడదెలా అవుతుంది?"

"సామాను సర్దిన రోజు మనకి నీళ్లందలేదు. తన వంతులోంచి రెండు బిందెలిచ్చింది. రేపిచ్చేస్తానన్నాను. రేపు లేకుండా పోయిందిగా." గొంతులో ఏ తడీ లేదు. "వస్తుందేమోనని రోజూ తీసి ఉంచుతున్నా."

పాత వీధి ఇస్త్రీ ఆవిడ ఇప్పుడు ఉండేది ఎదుటి బ్లాకులోనే. అక్కడా ఇలాంటి కుళాయే. కోడలు బిందెను మెల్లగా కింద పెట్టింది.

"ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఎక్కి రాలేదు. మనమే దిగుదాం. రెండూ నేను తెస్తాలే."

"నువ్వెందుకు? బాకీ నాది. ఒకటిలా ఇవ్వు."

అంతస్తుకోసారి ఆగుతూ దిగారు. ఇస్త్రీ ఆవిడ తలుపు తీసి, బిందెలను చూసింది, తడిసిన చీరలను చూసింది. నవ్వలేదు.

"ఇన్నాళ్లకా వదినా ఇవ్వడం? నోరెండి పోయాననుకున్నావా?"

లోపలికి తొంగిచూసిన కోడలు నిలబడిపోయింది. ఆవిడ వంటింట్లోనూ గోడ పొడవునా నిండు బిందెలే.

వాటిలో రెండింటిని ఇస్త్రీ ఆవిడ వంచేసి, ఖాళీ చేసి, అత్తయ్య ముందు పెట్టింది.

అత్తయ్య చుక్క కింద పడకుండా పోసింది. రెండో బిందె అంచుదాకా వచ్చేసరికి అత్తయ్య వెక్కి వెక్కి ఏడుస్తోంది.