ఐదు వోల్టులు

"మధుసూదనరావును లాడ్జిలో చంపేశారు," అన్నాడు ఫోన్‌లో చీఫ్. "ఇంకో మూడు గంటల్లో నువ్వే మధుసూదనరావు."

ఏజెంట్ నరసింహులు వాచీ చూసుకున్నాడు. ఏడు. 1979 నవంబరు. ఆదోని ఊరవతల మూతపడ్డ నూనె మిల్లులో, నేవీ కోసం చేసిన షాఫ్ట్‌కు ఆ ఉదయం పదింటికి రహస్య పరీక్ష. షాఫ్ట్ మీద పడే తిప్పుడు బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచే మీటరును సరిచూడటానికి వచ్చిన ఇంజనీరే మధుసూదనరావు.

"ఎవరి పని సార్?"

"విదేశీ ముఠా. మిల్లులో వాళ్ళ మనిషి ఒకడున్నాడు. మీటరులో ఏదో మార్చాడు. షాఫ్ట్ పగిలితే పక్కనున్న ఆపరేటరు ముక్కలైపోతాడు. ఏం మార్చాడో వేదవతికి తెలుసు. పత్తి యార్డులో కలుస్తుంది."

"ఆమె రెండు వైపులా పనిచేస్తోంది సార్."

"అందుకే ఆమెకు తెలుసు."

వేదవతి బొంబాయి కంపెనీ తరఫున పత్తి కొనే మనిషి వేషంలో వచ్చింది. సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు. బేరం పదిమందికీ తెలియకుండా తువ్వాలు కింద వేళ్ళు పట్టి ధర చెప్పుకోవడం యార్డులో పద్ధతి. పత్తి అమ్మేవాడిలా నిలబడ్డ నరసింహులు తువ్వాలు కిందికి ఆమె చెయ్యి పోనిచ్చింది.

"ఆడమనిషి గుడ్డ కింద సెయ్యి పెట్టేది ఇదే మొదులు సూసేది," అన్నాడు దళారీ నరసప్ప. "ధర యాడికి పోతాదో ఏమో అన్నా."

ఆమె నరసింహులు ఐదు వేళ్ళూ కలిపి పట్టుకుంది. "వోల్టులు," అంది పెదవులు కదపకుండా. పత్తి బేళ్ళ వెనక ఎవరో నిలబడి చూస్తున్నారు. ఆమె చెయ్యి లాక్కుని వెళ్ళిపోయింది. విడిపోవడం వాళ్ళిద్దరికీ కొత్త కాదు. ఈసారి ఆమె వెనక్కి తిరిగి చూసింది. అదే అతన్ని భయపెట్టింది.

మిల్లు చేరేసరికి మోటారు తిరుగుతోంది. "మీరు రాలేదని మొదలుపెట్టించాను," అన్నాడు మేనేజరు పాండురంగ, నవ్వుతూ.

షాఫ్ట్‌కు నాలుగడుగుల దూరంలో స్టూలు మీద ఎమ్మిగనూరు సుంకన్న. అతనే ఆపరేటరు. మీటరు పంపే వోల్టులను బట్టి రికార్డరు పెన్ను కాగితం మీద టార్క్ గీస్తోంది. పన్నెండు వందల దగ్గర ఎర్రగీత. పదిహేను వందలకు షాఫ్ట్ పగులుతుంది. పెన్ను ఆరు వందల మీద ఉంది. అంతా సవ్యంగానే ఉంది.

ఆమె అబద్ధం చెప్పి ఉంటే? తనకు తెలియని మీటరు మీద చెయ్యి వేస్తే వేషం బయటపడుతుంది.

"సారూ," అన్నాడు సుంకన్న, "నేను మగ్గం కాడ పెరిగినోణ్ణి. దారం తెగబోతాంటే సెవికే తెలుస్తాది. కాగితమేమో సగం బలమే అంటాంది. మోటారేమో సచ్చేటట్ల మూలుగుతాంది."

సగం.

నరసింహులు రికార్డరు మీదికి వంగాడు. దాని మీద రాసి ఉంది: పూర్తి స్కేలు పది వోల్టులు. వేదవతి వేళ్ళతో చెప్పినట్టు, పూర్తి బలానికి మీటరు పంపేది ఐదే అయితే, కాగితం మీద ఆరు వందలంటే షాఫ్ట్ మీద పన్నెండు వందలు. పెన్ను ఏడు వందలు దాటుతోంది. పాండురంగ ఇసుక బస్తాల వెనక్కి జరుగుతున్నాడు.

మీటరు వెనక కాగితం ముక్క అంటించి ఉంది. గోటితో పీకాడు. కింద, ఎన్ని వోల్టులు పంపాలో తేల్చే అవుట్‌పుట్ స్విచ్. ఐదు మీద ఉంది. వేలు జారింది. మళ్ళీ పట్టుకుని పదికి తోశాడు.

పెన్ను ఒక్క గంతులో ఎర్రగీత దాటి పద్నాలుగు వందల నలభైకి పోయింది. సుంకన్న ఆలోచించలేదు, హ్యాండిల్ లాగేశాడు. షాఫ్ట్ కీచుమంటూ ఆగింది. దాని మీద వెంట్రుకంత పగులు.

"సగం బలానికే బస్తాల వెనక దాక్కున్నారేం, మేనేజరు గారూ?" అన్నాడు నరసింహులు.

పాండురంగ పరిగెత్తాడు. గేటు దగ్గర హమాలీల వేషంలో ఉన్న పోలీసులు పట్టుకున్నారు. వేదవతి తప్పించుకుని మద్రాసు రైలు ఎక్కిందో, ముఠా ఎక్కనివ్వలేదో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

సుంకన్న స్టూలు మీద నుంచి లేచి, నరసింహులును ఎగాదిగా చూశాడు.

"నువ్వు ఇంజనీరువు కాదులే సారూ."

"ఎట్లా తెలిసింది?"

"ఇంజనీరైతే మిషను సూసేకంటే ముందు నన్ను తిట్టేటోడు."