గోడ వెనక పెట్టె

"వాళ్ళు పంపేది నాలుగింటికి. ఆలోపే దారి మూసెయ్యాలి. నీకు పదకొండు నిమిషాలు," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు.

చీమ గడియారం చూసుకుంది. గూఢచారి ఏజెన్సీలో ఆమె పేరు అదే. ఏసీ మెకానిక్ యూనిఫాంలో, చేతిలో స్క్రూడ్రైవర్‌తో గేమ్ కంపెనీ మూడో అంతస్తులోకి నడిచింది. స్క్రూడ్రైవర్ పిడిలో ట్రాన్స్‌మీటర్ ఉంది.

సరిహద్దు అవతలి ముఠా ఈ కంపెనీ ఆటలో, ఫోన్‌కొకటి చొప్పున నాలుగు వందల పన్నెండు అకౌంట్లు నడుపుతోంది. ఆడేది మనుషులు కాదు, బాట్ సాఫ్ట్‌వేర్. ఆటలోని సంతలో అవి కత్తులు, డాళ్ళు కొంటూ అమ్ముతుంటాయి. ఆ ధరల అంకెల్లో దాక్కుని రేవు రాడార్ రహస్యాలు సరిహద్దు దాటుతున్నాయి. ఆఖరి భాగం ఈరోజే.

చీటింగ్ పట్టుకునే గదిలో ఒక్కడే ఉన్నాడు. ఆఫీసంతా అతన్ని కళ్ళజోడు అంటుంది. ఆమె ఎవరో చెబుతూ అతనికి ముందే ఫోన్ వచ్చింది.

"ఒక్కొక్కర్నీ తీసేస్తే ఎలా దొరికారో వాళ్ళకి తెలిసిపోతుందండీ. అందుకే నెలంతా చూస్తూ ఊరుకుని, అందర్నీ ఒకేసారి బ్యాన్ చేస్తాం. లిస్టు రెడీ. నాలుగు వందల పదకొండు."

"పన్నెండు కదా?"

"ఒకటి మనిషే. తెర మీద ఈ వేలి జాడ చూడండి. బాట్ చెయ్యి గీత గీసినట్టు పోతుంది. వణుకు కలిపినా, ఆ వణుకు కూడా కొలిచినట్టుంటుంది. ఇదేమో కుదురే లేదు. బావి చుట్టూ ఊరికే తిరుగుతుంది, తలుపు దాటిపోయి మళ్ళీ వెనక్కొస్తుంది."

చీమ తెరకి దగ్గరగా వంగింది. ఆ కుదురులేని చెయ్యి ఆమెకు ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. అది నెమలిది. ఖరీదైన గౌన్లలో, తళుకు చెవిరింగుల్లో ముఠా నాయకుడి పక్కనే తిరిగే డబుల్ ఏజెంట్. చీమకు సొంత అక్క. ఒక అకౌంట్‌ని చేత్తో నడుపుతూ, సంతలో ధరలు చూసి ఏజెన్సీకి చేరవేస్తోంది. ముఠా లెక్కలో అదీ బాటే.

నాలుగు వందల పదకొండు ఫోన్లు నల్లబడి, ఒక్కటే వెలుగుతుంటే? అది ఎవరిదని నాయకుడు అడుగుతాడు. ఆ తర్వాత అక్క ఉండదు.

"దాన్నీ కలపండి."

"తప్పు చెయ్యని మనిషినా? కుదరదండీ. సాక్ష్యం లేకపోతే సిస్టమే ఒప్పుకోదు."

"ఏం సాక్ష్యం?"

అతను తెరమీద పాడుబడ్డ కోట చూపించాడు. "ఈ గోడ వెనక పెట్టె ఉంది. ఆడేవాళ్ళ కంటికి కనపడదు. ఆట లోపలి కోడ్ చదివే బాట్‌కే తెలుస్తుంది. ఇక్కడ నొక్కి తెరిచారా, లిస్టులో పడ్డట్టే."

"ఖాళీ కంప్యూటర్ ఏది?"

మూడు యాభై ఆరు. ఆటలో చీమ నడిపే బొమ్మ బావి దగ్గరికి పరుగెత్తింది. మాట రాస్తే ముఠా చదువుతుంది. అందుకే మూడుసార్లు ఎగిరింది, ఆగింది, ఇంకోసారి ఎగిరింది. చిన్నప్పుడు పక్క మంచాల మీంచి గోడకి తట్టుకున్న సంకేతం: అడక్కు, నేను చేసింది చెయ్యి.

అక్క బొమ్మ మళ్ళీ బావి చుట్టూ తిరిగింది.

"ఇప్పుడా అక్కా నీ ఆలోచనలు!"

తిరిగి తిరిగి వెంట వచ్చింది. కోట దగ్గర చీమ ఉత్త గోడని నొక్కి పక్కకు జరిగింది. లిస్టు మారింది: నాలుగు వందల పన్నెండు.

"అయ్యో, మీరే చేరిపోయారండీ!" కళ్ళజోడు తల పట్టుకున్నాడు.

మూడు యాభై తొమ్మిది. అక్క బొమ్మ గోడ ముందుకొచ్చింది. అక్కడ రాయి తప్ప ఏమీ లేదు. వెళ్ళిపోయింది. వెనక్కొచ్చింది. ఇంక కదలలేదు.

నొక్కింది.

నాలుగు వందల పదమూడు.

"బ్యాన్ కొట్టండి!" చీమ అరిచింది.

సంతలో బొమ్మలు దీపాలార్పినట్టు మాయమయ్యాయి. గడియారం అప్పుడే నాలుగు కొట్టింది.

రెండు రోజుల తర్వాత సేఫ్‌హౌస్‌లో నెమలి చెప్పులు విసిరేసి సోఫాలో కూలబడింది. "అన్నీ ఒకేసారి పోయేసరికి వాడు సాఫ్ట్‌వేర్ అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాడు. కొత్త ఫోన్లు తెస్తానని చెప్పి నేను గుమ్మం దాటేశా. ఇంతకీ ఆ గోడలో ఏముందే?"

"తెలీకుండానే నొక్కావా?"

"నువ్వు నొక్కావు కదా!"

చీమ తల తిప్పుకుని ఫోన్ అందించింది. అందులో చీమకు కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం: 'మీ ఆటతీరు మనిషిది కాదని నిర్ధారణ అయింది.'

నెమలి పగలబడి నవ్వింది. "నీ గురించి ఈ మాట అమ్మ ఎప్పుడో చెప్పింది. అది కనిపెట్టడానికి వీళ్ళకి ఇన్ని కంప్యూటర్లు కావాల్సొచ్చాయి."