తలకు నూనె పెట్టొద్దు

“మళ్ళీ నూనె పెట్టుకొచ్చారా?”

జశ్వంత్ చేతిలో వైర్ల టోపీ వేలాడుతోంది. ఎదురుగా కుర్చీలో జమున. జడ నిగనిగలాడుతోంది.

“అలవాటు సార్.”

“నూనె ఉంటే మెదడు సిగ్నల్ సరిగ్గా రాదండీ. అన్నీ పిచ్చి గీతలే!”

“రేపు తలకు పోసుకొని వస్త. ఫికర్ చెయ్యకు.”

గోదావరిఖని ట్రైనింగ్ సెంటర్‌లో గని భద్రత మీద తీసిన వీఆర్ సినిమాను పరీక్షిస్తున్నారు. కళ్ళకు హెడ్‌సెట్ పెట్టుకుంటే గనిలోనే ఉన్నట్టుంటుంది. చూసేవాళ్ళకు ఏమనిపిస్తోందో నెత్తిమీది టోపీ పట్టుకుంటుంది. ఆ పరీక్ష చేస్తున్న జశ్వంత్, కోస్తా నుంచి పక్కనే ఉన్న రామగుండం వచ్చిన ఇంజనీరు గారబ్బాయి. జమున, జబ్బుపడ్డ తండ్రి ముత్యం బదులు నౌకరీలో చేరిన అమ్మాయి. వచ్చే వారం గనిలోకి దిగాలి.

మర్నాడూ నూనే.

తోటి ట్రైనీ శోభ నవ్వింది. “మల్లమల్ల ఎందుకొస్తున్నదో సమజ్ కాలేదా సార్?”

సమజైందనుకున్నాడు జశ్వంత్. మర్నాడు ఇస్త్రీ చొక్కాలో వచ్చి, వాన జల్లు కొడుతున్న వరండాలో జమునను ఆపాడు.

“ఆ నూనె నా కోసమేగా?”

జమున తెల్లబోయింది. “నీ కోసమా? నా నౌకరీ కోసం సార్! నాకు చీకటంటే బుగులు. గా బుగులు నీ మెషిన్ల పడితే నన్ను గనిలోపలికి పంపుతరా? నౌకరీ పోతే మా నాయన మందులెట్ల?”

జశ్వంత్ ముఖం ఎర్రబడింది.

“ఈ పరీక్ష మీకు కాదండీ, సినిమాకు. మీరు భయపడితే సినిమా బాగున్నట్టు. మీ పేరు కూడా ఎవరికీ ఇవ్వం.”

“గీ ముచ్చట ముందే చెప్పొద్దా? తిట్టుడే గాని చెప్పుడు లేదాయె!”

మధ్యాహ్నానికి షాంపూ వాసనతో తిరిగొచ్చింది. సినిమాలో పైకప్పు కూలగానే “ఓ అవ్వా!” అని అరిచింది. గీతలు స్క్రీన్ అంచు దాకా లేచాయి.

“సినిమా పాస్,” అన్నాడు.

“ఇంకొక్కసారి చూపియ్యి. అలవాటైతే బుగులు పోతది.”

రెండోసారి అరవలేదు. గీతలూ అంత ఎత్తుకు పోలేదు. జమున హెడ్‌సెట్ తీసి, స్క్రీన్ చూసి, మెల్లగా ఊపిరి వదిలింది.

“దిగుత సార్. భయం లేదు.”

జశ్వంత్ టోపీ తుడుస్తూ, “పొద్దున నేనన్నది మర్చిపోండి,” అన్నాడు.

“ఎందుకు మరవాలె? నువ్వే అనుకుంటివి, నువ్వే చెప్తివి. నన్నడిగినవా?”

జశ్వంత్ అడిగాడు. తడబడుతూ, రెండుసార్లు.

జమున కిటికీలోంచి వానకేసి చూసింది. నవ్వు ఆపుకోవడం చేతకాలేదు.

“ఆదివారం ఇంటికి రా. మా నాయనతోని మాట్లాడు. టోపీ మాత్రం తేకు, ఆయనకేమనిపిస్తే అది మొకం మీద్నే చెప్తడు.”