పాత రైలుకట్ట మీద పరుగు

పరుగు... రైలుకట్ట మీద ఒకటే పరుగు.

ఎండ నడినెత్తిన ఉంది. నెవాడా ఎడారి పెనంలా కాలుతోంది. ఇక్కడి పట్టాలు ఎప్పుడో పీకేశారు. మిగిలింది కంకర, పుచ్చిపోయిన చెక్క స్లీపర్లు. లైల్ బూట్ల కింద అవి పెళపెళా విరుగుతున్నాయి.

వెనక్కి చూడడు. చూస్తే సొరంగం కనిపిస్తుంది.

అందులో మార్వెల్లా ఉంది.

మ్యాపుల్లోంచి చెరిగిపోయిన రైలు దారులు వెతకడం ఇద్దరికీ పిచ్చి. ఏళ్ల తరబడి కలిసే తిరిగారు. ఇవాళ సొరంగంలో అడుగుపెట్టేసరికి...

గ్రేడీ!

ఊళ్లో పెట్రోల్ బంకు ఓనరు. పొద్దున నవ్వుతూ వాళ్లకి ఐస్ అమ్మినవాడు. చేతిలో పార. వెనక పికప్ ట్రక్కు. కాళ్ల దగ్గర టార్పాలిన్‌లో చుట్టిన శవం.

గ్రేడీ పార పడేసి రైఫిల్ అందుకున్నాడు. ఇద్దరూ వెనక్కి పరిగెత్తారు. మార్వెల్లా కాలు మడతపడి కూలిపోయింది. లైల్‌ని పేరు పెట్టి పిలిచింది.

విన్నాడు. స్పష్టంగా విన్నాడు.

ఆగలేదు.

అదిగో జీపు. తలుపు లాగి లోపల పడతాడు. ఫోన్ తీస్తాడు. సిగ్నల్ లేదు. ఇంజన్ స్టార్ట్ చేస్తాడు. ఎదురుగా హైవేకి పోయే మట్టిదారి...

కాలు క్లచ్ మీదే బిగుసుకుపోతుంది.

ఆమె పిలుపులో భయం లేదు. వస్తాడన్న ధీమా ఉంది. అదే అతన్ని దహించేస్తోంది. అద్దంలో తన మొహం కనబడితే చూపు తిప్పుకుంటాడు.

జీపు గిర్రున వెనక్కి తిరుగుతుంది.

రైలుకట్ట మీద ఎగిరెగిరి పడుతూ దూసుకెళ్తుంది. సొరంగం దగ్గరవుతోంది... ఇంకా దగ్గర...

ఢాం!

తుపాకి మోత. లోపలి నుంచే.

లైల్ గొంతులోంచి ఏదో అరుపు. యాక్సిలరేటర్ నేలకి తొక్కుతాడు. హెడ్‌లైట్ల వెలుగు చీకట్లోకి చొచ్చుకుపోతుంది.

నేల మీద రక్తం.

గ్రేడీది!

తొడ పట్టుకుని మూలుగుతున్నాడు. అవతల గోడకి చేరగిలబడి మార్వెల్లా. రైఫిల్ ఆమె చేతిలో ఉంది.

లైల్ దిగుతాడు. క్షమించమనాలి. ఆమె వైపు అడుగేస్తాడు.

ఆమె గ్రేడీ మీద నుంచి చూపు తిప్పకుండానే అంటుంది.

"నువ్వు పోలీసుల్ని తేవడానికే పరిగెత్తావని చెప్పాను. నమ్మేశాడు. నేను కదల్లేననుకుని, కంగారుగా రైఫిల్ నా పక్కనే వదిలేసి, శవాన్ని ట్రక్కులోకి ఎత్తబోయాడు."

రైఫిల్ గురి సవరించుకుంటుంది.

"చెబుతూ చెబుతూ... నేనూ నమ్మాను, లైల్."