మా ఇంటికి మత్తు పడదు

"తాగిండ్రా?"

మిథున్‌ను అక్షయ అడిగిన మొట్టమొదటి ప్రశ్న అదే. ఏ ప్రేమకథకైనా ఇంతకన్నా చెడ్డ మొదలు ఉండదు.

అడిగిన చోటు జనగామలో ఒక ప్రైవేటు దవాఖాన. అడిగించుకున్నవాడు కుడి ముంజేయి విరిగి, కాళ్లకు చెప్పుల్లేక, తలనిండా ఈతాకు తుక్కుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"మేడం, ఈత చెట్టు మీదికెళ్లి పడితె తాగినట్టేనా?"

"మరి చెట్టెందుకెక్కిండ్రు? ఈతపండ్ల కాలం గూడ కాదాయె."

"నా డ్రోన్ కోసం. పత్తికి మందు కొడుతుంటె గాలొచ్చి చెట్టు కొసన చిక్కుకున్నది. నిచ్చెనేసి దించుతుంటె అది మంచిగనే దిగింది. నేనే దానికంటె ముందు దిగిన."

నవ్వకూడదని అక్షయ పెదవి కొరుక్కుంది. మాస్కు వెనక పెదవి కనిపించలేదు గానీ, కళ్లు మాత్రం నవ్వేశాయి. మిథున్‌కు ఒక్క క్షణం చేతి నొప్పి మతికి రాలేదు.

ఆమె మత్తు డాక్టరు. ఎముకల డాక్టరు రామ్మోహన్ చెయ్యి కోసి సరిచేసినంతసేపూ రోగి ఊపిరికి కాపలా ఆమెదే.

"సరే. మీ ఇంట్ల ఎవరికన్న మత్తు పడకపోవుడు ఉందా?"

మిథున్‌కు చర్రున కోపమొచ్చింది. "మళ్ల గదే ముచ్చటనా! మా ఇంట్లకు కల్లు చుక్క రాదు మేడం. దసరకు గూడ రాదు. పెండ్లిళ్లకు పోతె మజ్జిగ తాగి వస్తం. పాలకుర్తి దిక్కు ఎవర్నన్న అడుగుండ్రి. 'మత్తు మన ఇంటికి పడది' అని మా అవ్వ రోజు చెప్తది."

ఈసారి అక్షయ బయటికే నవ్వింది. "అయ్యా సారూ, నేనడిగింది మత్తు మందు. అనస్తీషియా."

"ఓ." మిథున్ చెవులు ఎర్రబడ్డాయి. "గది తెల్వది. గని జర ఎక్కువనే ఇయ్యుండ్రి. సూది చూస్తేనే నాకు కండ్లు తిరుగుతయి. ఫుల్లుగ పండబెట్టుండ్రి."

"పండబెడదాం తియ్యి. మీ అవ్వకు కల్లంటె అంత కోపమెందుకు?"

ఏదో మాట కలపడానికి అడిగిందే.

"మా బాపు తమ్ముడు, ఐలేశ్ చిన్నబాపు, మత్తుల సచ్చిపోయిండు. నేను పుట్టకముందు."

"తాగి బండి మీదికెళ్లి పడ్డడా?"

"కాదు. మానుకోట దవాఖానల పోయిండు."

మహబూబాబాద్ అని బోర్డు మీద రాసినా, అటువైపు వాళ్ల నోట అది మానుకోటే. అక్షయ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది.

"దవాఖానల పండుకున్న మనిషికి కల్లెవరు పోసిండ్రు?"

మిథున్‌కు అది పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. ఒక్కనాడైనా ఆ ప్రశ్న అతని బుర్రకు తట్టలేదు.

"మీ అవ్వకు ఫోన్ కలుపుండ్రి," అంది అక్షయ. కళ్లలో ఇందాకటి నవ్వు లేదు.

స్పీకర్‌లో మిథున్ నాయనమ్మ కట్టమ్మ గొంతు గదంతా నిండింది. "నా కొడుకు తాగలే బిడ్డా! మీరన్న నమ్ముండ్రి. కాలిరిగితె మానుకోటకు తోల్కపోయినం. మత్తిచ్చిండ్రు. జరసేపట్ల దవుడలు బిగుసుకపోయినయి, ఒళ్లంత కట్టె లెక్కయింది. నేను చెయ్యి పెడితె పెనం కాలినట్టు కాలింది. మత్తు పడలేదన్నరు డాక్టర్లు. గదే మాట ఊళ్లె చెప్పిన. ఊరోళ్లకు మత్తంటె కల్లే గద! ఎంతమందికని చెప్పాలె? ఏం మత్తు పడలేదో నాకు గూడ తెల్వకపాయె. గందుకే ఏ మత్తూ ఇంట్లకు రానియ్యలె."

ఫోన్ పెట్టేశాక అక్షయ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"దీన్ని మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా అంటరు. కొందరి కండరాలల్ల పుట్టుకతోనే చిన్న తేడా ఉంటది. పొలం పని చేస్తరు, ఉరుకుతరు, ఏం కాదు. కొన్ని మత్తు గ్యాసులు, ఒక రకం సూది తగిలితె మాత్రం కండరాలన్ని ఒక్కపారి బిగుసుకొని ఒళ్లు కాలిపోతది. రక్తసంబంధంల వస్తది. మీకు ఉన్నదో లేదో తెల్వది. ఉన్నదనుకొనే పని చెయ్యాలె."

"మరి నేను ఫుల్లుగ పండబెట్టుమన్న గద..."

"అన్నరు. నేను గూడ సరే అన్న."

రామ్మోహన్ తలుపులోంచి తొంగిచూశాడు. "ఏందమ్మా, చిన్న పనే గద, షురూ చేద్దామా?"

"గ్యాస్ వద్దు సార్. మిషన్‌కున్న గ్యాస్ డబ్బాలు తీపిచ్చేస్త. చెయ్యి ఒక్కటే మొద్దుబారేటట్టు బ్లాక్ ఇస్త." విషయం విని ఆయన పదమన్నాడు.

"అంటె నేను మెలకువతోనే ఉంటనా?" అన్నాడు మిథున్.

"ఉంటరు. అటు చూడకుండ నాతోని ముచ్చట పెట్టుండ్రి."

బయట వాన మొదలైంది. లోపల పచ్చగుడ్డ అవతల డాక్టరు ఏదో ఖంగుఖంగుమనిపిస్తున్నాడు. అది తన ఎముకే అన్న సంగతి మరిచిపోవడానికి మిథున్ నోటికొచ్చింది మాట్లాడాడు.

"మీదే ఊరు మేడం?"

"ఘనపూర్."

"ఏ ఘనపూర్? స్టేషన్ ఘనపూరా, ములుగు ఘనపూరా?"

"ములుగు. భూపాలపల్లి దిక్కు. అందరు ఇదే అడుగుతరు."

మధ్యమధ్యలో ఆమె అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తోంది. పక్కనే తెర మీద వేడి ఎంతో కనిపిస్తూనే ఉంది.

"మిషన్ చెప్తంది గద మేడం. చెయ్యెందుకు?"

"మిషన్ సరిగ చెప్తందా లేదా అని."

మిషన్ అబద్ధం చెప్పాలని మిథున్ మనసులో మొక్కుకున్నాడు. అది పాపం నిజాయితీగానే పనిచేసింది. కట్టు పడేదాకా అతని ఒంటి వేడి రవ్వంత కూడా పెరగలేదు. మంచం బయటికి తోస్తుంటే అక్షయ గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదలడం అతను చూశాడు. తన కోసం ఒకరు ఇంతసేపు ఊపిరి బిగబట్టారా అనుకున్నాడు. పడిపోయాడు. ఈసారి చెట్టు మీది నుంచి కాదు.

ఆ తర్వాత అతను దవాఖానకు ఎందుకు వచ్చాడని అడిగితే చెప్పుకోడానికి కారణాలున్నాయి. కట్టు బిగుతుగా ఉందని ఒకసారి, వదులుగా ఉందని ఒకసారి. మక్కెన్నులు కాల్చి తెచ్చాడు, సీతాఫలాలు తెచ్చాడు. పరీక్షకు రక్తం హైదరాబాద్ పంపారు గనుక ఫలితం వచ్చిందేమో కనుక్కోడానికి వచ్చాడు. ఫలితం వస్తే ఫోన్ చేస్తానని ఆమె చెప్పింది. ఆ మాట వినపడనట్టే వచ్చాడు.

ఒకరోజు ఆమే ఫోన్ చేసింది. "వచ్చింది మిథున్. ఉన్నది."

"ఓహో." "అయితె ఏమయితది?"

"ఏం గాదు. మత్తిచ్చే డాక్టర్‌కు ముందుగాల ఒక్కమాట చెప్పాలె, గంతే. తెల్వకపోతె భయం గని తెలిస్తె ఏం భయం?"

"మేడం, ఒక డౌటు. మీ దగ్గర కూసుంటె నాకేందో అయితంది. ఒళ్లు వేడైతంది, దవుడలు బిగుసుకొని మాట వస్తలేదు. ఇది గూడ గదేనా?"

అవతల వాన చప్పుడులో ఆమె నవ్వు కలిసింది.

"గది కాదు," అంది. "గది నాకు గూడ అయితంది."

ఇద్దరూ ఒప్పుకుంటే కథ కంచికి పోవాలి. కానీ అక్షయ నాయిన రాజమౌళి ఒకప్పుడు సర్పంచ్‌గా చేసినవాడు. పది మందిని అడగనిదే ఏ మాటా నమ్మడు. పాలకుర్తిలో తెలిసినవాళ్లను అడిగాడు. "మంచోళ్లే, గని ఒకడు మత్తుల సచ్చిండు," అన్నారు వాళ్లు. తాగుబోతుల ఇంటికి పిల్లనివ్వనని రాజమౌళి తెగేసి చెప్పాడు. కూతురు ఏడ్చేసరికి, ఒకసారి వాళ్ల ఇంటికే పోయి వాళ్ల నోటితోనే వింటానన్నాడు.

"నువ్వు అసలు సంగతి చెప్పలేదా?" అడిగాడు మిథున్.

"ఎట్ల చెప్త? చెప్తె నీ టెస్టు గూడ చెప్పాలె. రోగి ముచ్చట డాక్టరు బయట పెట్టొద్దు. నాయినకు గూడ. చెప్పేది, దాచేది నీ ఇష్టం."

మిథున్ వాళ్ల బాపు పోశాలు లెక్క వేరే. "తాగే పోయిండని ఒప్పుకుందాంరా," అన్నాడు రాజమౌళి వచ్చే రోజు పొద్దున. "ఎనకటి ముచ్చట, ఆయన మాఫ్ చేస్తడు. రోగమని చెప్తివా, లేచి పోతడు. నీ పిల్ల నీకు కావాలెనా, వద్దా?"

కట్టమ్మ మూలన కూర్చుని వక్క కత్తిరిస్తోంది. కొడుకు మాటకు తలెత్తలేదు. కత్తెర చప్పుడు మాత్రం ఆగిపోయింది. మిథున్‌కు అన్నం సహించలేదు. నిజం చెబితే అక్షయ పోతుంది. చెప్పకపోతే అవ్వ ఇంత కాలం ఒంటరిగా మోసిన మాట ఇవాళ తన ఇంట్లోనే మట్టిలో కలుస్తుంది.

రాజమౌళి తెల్లబట్టలతో కారు దిగాడు. కారు నడిపింది అక్షయే. మంచినీళ్లు తాగీ తాగకముందే ఆయన పోశాలు వైపు తిరిగాడు.

"సూటిగ అడుగుత, ఏమనుకోవద్దు. మీ తమ్ముడు తాగి పోయిండట, నిజమేనా?"

"అది... ఎనకటి ముచ్చట... పిల్లతనం..." పోశాలు నసిగాడు.

మిథున్ అవ్వ ముఖం చూశాడు. చూశాక ఇంకేమీ ఆలోచించలేదు.

"కాదు. మా చిన్నబాపు కల్లు ముట్టలే. ఆపరేషన్‌ల ఇచ్చిన మత్తు ఆయన ఒంటికి పడలే. గదే నా రక్తంల గూడ ఉన్నది, పరీక్షల తేలింది. రేపు పిల్లలకు గూడ రావచ్చు, సగానికి సగం. దాచి అడుగుడు నాకు ఇష్టం లేదు."

పోశాలు తల పట్టుకున్నాడు. అక్షయ నేల చూస్తోంది. అయిపోయింది, అనుకున్నాడు మిథున్.

రాజమౌళి కండువాతో ముఖం తుడుచుకుని కూతురి వైపు చూశాడు. "నీకు ముందే తెల్సా?"

"తెల్సు నాయిన."

"ఈ పిల్లగాని చెయ్యి కోసినప్పుడు మత్తెవరిచ్చిండ్రు?"

"నేనే."

"ఏమన్న అయిందా?"

"ముందటనే కూసున్నడు గద, చూడు."

ఆయన చూశాడు. మెల్లగా మీసం కింద నవ్వు కదిలింది. "ఇగ పరేషాన్ ఏంది? ఏ మత్తు పడుతదో ఏది పడదో తెలిసిన మనిషే ఇంట్లకు వస్తంది. కల్లు ముట్టనోని మీద తాగుబోతని నింద పడితె, గాయింత కాలం ఎట్ల మోసినవు అవ్వా? పిల్లగాడు మా ముందట ఒక్క అబద్ధం ఆడితె బతికిపోతుండె. ఆడలే. నాకు గది చాలు."

కట్టమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది, ఎవరూ ఆపలేదు. పోశాలు పోయి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు.

తేరుకున్నాక ఆమె అక్షయను దగ్గరికి పిలిచింది. "బిడ్డా, నిజం చెప్పు. కల్లు మా ఒంటికి పడుతదా?"

"పడుతదవ్వా. ఎక్కువైతె ఎవరికీ పడది గని, గుక్కెడు తాగితె ఏం గాదు."

"అయితె తెప్పియ్యిరా పోశాలు! మాట ఖాయమైన నాడు సుట్టాలను ఉత్తగ పంపుతమా?"

పక్కింటి నుంచి లొట్టి నిండా ఈత కల్లు వచ్చింది. ఐలేశ్ పోయాక ఆ ఇంటి గడప దాటిన మొదటి లొట్టి అది. పోశాలు ఆకు దొప్పలో పోసి తల్లి చేతికిచ్చాడు. ఎవరూ నోట పెట్టుకోకముందే, పోయినవాళ్ల పేరు చెప్పి నేల మీద కొంచెం వంపాలి. అది సాక.

"నా ఐలేశ్ పేరు మీద," అంటూ కట్టమ్మ దొప్ప వంచబోయి ఆగిపోయింది. దొప్ప వైపు చూసింది. తర్వాత దాన్ని పోశాలుకే తిరిగి ఇచ్చేసింది.

"గిది మీరు తాగుండ్రి. వాడు తాగడు గద," అంది. "వానికి చాయ్ అంటె పాణం. బిడ్డా అక్షయా, పొయ్యి మీద చాయ్ ఉన్నది, జర పట్టుకరా."

అక్షయ లేచింది. గిన్నె ఎక్కడుందో చూపించాలన్న సాకుతో మిథున్ వెనకే వెళ్లాడు. వంటింట్లో ఆమె కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ అతని నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"మిషన్ లేదు గద," అన్నాడు మిథున్.

"గందుకే," అంది అక్షయ.

వేడి చాయ్ గ్లాసుతో ఇద్దరూ బయటికి వచ్చారు. కట్టమ్మ ఊది ఊది చల్లార్చి, కొడుకు పేరు చెప్పి, నేల మీద వంపింది.