కూలివాడి ఏడాది

"విలుకాళ్ళంటే డ్రోన్లు నడిపేవాళ్ళు. అంతవరకు క్లియర్," అన్నాడు చీఫ్ గంగాధరరావు, ఎల్‌బీనగర్ సేఫ్‌హౌస్‌లో టీ ఊదుకుంటూ.

ఎదురుగా ఏజెంట్ మహేందర్. టేబుల్ మీద ఒక హీబ్రూ ప్రవక్త వచనం. వాళ్ళు వెంటాడుతున్న విదేశీ ముఠా బాస్‌కు ఆర్డర్లన్నీ పాత ప్రవక్తల మాటల్లో పంపే సరదా. "కూలివాడు లెక్కపెట్టే ఏడాదిలాంటి ఏడాదిలో కేదారు వైభవం అంతరిస్తుంది. విలుకాళ్ళలో మిగిలేది కొద్దిమందే." దాన్ని చేరవేసింది సుజన. సినిమా తారలా తయారై బాస్ పక్కన తిరిగే వీళ్ళ డబుల్ ఏజెంట్.

"ఏడాది అన్నాడంటే బోలెడు టైముందయ్యా. ఆ అమ్మాయిని ఇంకో ఆర్నెల్లు లోపలే ఉంచుదాం," అన్నాడు చీఫ్.

ఏడాది చాలని ఆమెకు మాటిచ్చి లోపలికి పంపింది మహేందరే. అయినా ఆమెకు వెళ్ళే ఆ ఆర్డర్ మీద కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.

వారం తర్వాత ఓ మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటికెళ్ళి అన్నానికి కూర్చున్నాడు. తండ్రి మట్టయ్య నల్గొండ పల్లెలో ఇరవయ్యేళ్ళు దొర దగ్గర ఏడాది కూలికి కుదిరి జీతగాడిగా చేసినవాడు. మహేందర్ ఊరికే అడిగాడు.

"నాయనా, జీతానికి కుదిరినోని ఏడాది ఎట్ల లెక్కవెడ్తరు?"

"దొర అందాజగ చెప్తడు. జీతగాడు దినం దినం లెక్కవెడ్తడు బిడ్డా. కుదిరిన తారీఖు మళ్ళొచ్చి పొద్దుగూకిందంటే ఖతం. గంట ఎక్కువ ఉంచుకున్నా పాపమే."

మహేందర్ ముద్ద వదిలేసి ఫైలు తెరిచాడు. నలుగురు డ్రోన్ ఆపరేటర్లను, సుజనను ముఠా పనిలో పెట్టుకున్నది నిరుడు సరిగ్గా ఇదే తారీఖున. అంటే దాడి ఇవాళే, పొద్దుగూకేలోపే. ఆరింటికి కేదారు తెగల ఎడారి దేశం నుంచి వచ్చిన మంత్రి కాన్వాయ్ కొత్తపేట మీదుగా పోతుంది. పని కాగానే బాస్ తన కూలివాళ్ళను కూడా మిగల్చడు. వాళ్ళలో సుజన ఒకతె. టీమ్‌కు ఫోన్ కొట్టి లేచాడు.

ఐదూ యాభైకి, ముఠా మకాం అని సుజన ఎప్పుడో చెప్పిన కొత్తపేట ఫంక్షన్‌హాల్ టెర్రస్ మీదికి కేటరింగ్ ఏప్రన్‌తో ఎక్కాడు. చేతిలో టిఫిన్ క్యారియర్, అందులో డ్రోన్ల సిగ్నల్ ఆపే జామర్. పట్టుచీరలో సుజన ఎదురైంది.

"మేడమ్, పెరుగన్నం ఎంతమందికి?" పారిపొమ్మనే కోడ్ అది.

"ఆర్నెల్లన్నరు గద సార్?"

"నా లెక్క తప్పు. నడువు."

జామర్ నొక్కాడు. డ్రోన్లు జానెడు లేచి కూలబడ్డాయి. ఆపరేటర్లు బిత్తరపోయి చూస్తుంటే, వాళ్ళ టేబుల్ కింద టైంబాంబు మీద ఎర్రటి అంకెలు పరుగెత్తుతున్నాయి. తొమ్మిది, ఎనిమిది. సుజన పోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని టార్చ్ పట్టింది. ఒకటి దగ్గర మహేందర్ వైరు ఊడబెరికాడు.

బాస్‌ను నాగోల్ మెట్రో మెట్ల మీదే టీమ్ పట్టేసిందని ఇయర్‌పీస్‌లో కబురు వచ్చింది.

"తప్పు నాదే సుజనా. సంతకం నాది," అన్నాడు మహేందర్.

"ఎరుకే. వారం నుంచి నిద్రల గూడ గా సంతకమే కనవడ్తున్నది," అంది, అతని ముఖం చూడకుండా.

అతను ఆమెను మెట్రో స్టేషన్ దాకా దిగబెట్టాడు. ఆమె మెట్రో ఎక్కింది. తలుపులు మూసుకునేదాకా నిలబడ్డాడు. ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్ మహేందర్. ఎల్లుండి ఆ సుజనను కొచ్చి పంపుదాం. కొత్త ముఠా."

మహేందర్ కనుమరుగవుతున్న రైలును చూస్తూ అన్నాడు.

"సుజననా? ఆ పేరుగలవాళ్ళెవరూ మన డిపార్ట్‌మెంట్‌లో ఎన్నడూ పనిచేయలేదు సార్."